పల్లె సభకు పిలుపు

ఫిబ్రవరి నెల. పొద్దు ఇంకా బాగా ఎక్కలేదు. రాయగడకు దగ్గరలో ఒక పల్లె. వీధి మొదట్లో డప్పు మోగింది. ఇంటి ముందు చోళ్ళు చెరుగుతున్న నానమ్మ చేట ఆపి తల ఎత్తింది.

"ఏటే ఆ డప్పు? ఎవరింట్లో పెళ్ళి?" అని మనవరాలిని అడిగింది.

"పెళ్ళి కాదు నానమ్మా, చాటింపు. శుక్రవారం పొద్దున పది గంటలకు బడి దగ్గర పల్లీ సభట. పంచాయతీ గోడకు కాగితం కూడా అంటించారట. బడి నుంచి వచ్చేటప్పుడు చదివి వస్తాను" అంది మనవరాలు. ఆ పిల్ల ఎనిమిదో తరగతి చదువుతోంది. బడిలో తెలుగు మొదటి భాష. ఒడియా కూడా చక్కగా చదువుతుంది. నానమ్మకు ఒడియా మాట తెలుసు గాని అక్షరం తెలియదు. అందుకే ఆ ఇంట్లో గోడ కాగితాలన్నీ చదివి చెప్పే పని మనవరాలిదే.

సాయంత్రం ఆ పిల్ల వచ్చి, కాగితంలో ఉన్నదంతా వరుసగా చెప్పింది. వచ్చే ఏడాది పంచాయతీ చేయవలసిన పనులు, పింఛన్ల జాబితా, ఇళ్ళ జాబితా, చెరువు గట్టు మరమ్మతు. ఇవీ సభలో చర్చించే విషయాలు.

నానమ్మ అంతా విని, "మన వీధి బోరింగు పాడై నెల దాటింది. అది రాశారా అందులో?" అని అడిగింది.

"రాయలేదు నానమ్మా."

"రాయనప్పుడు మనమెందుకే ఎళ్ళడం?"

"రాయలేదు కాబట్టే వెళ్ళాలి నానమ్మా" అంది మనవరాలు.

నానమ్మ బదులు చెప్పలేదు. మళ్ళీ చేట అందుకుంది.

పిల్లలూ! మీ ఊళ్ళోనూ ఇటువంటి చాటింపు విని ఉంటారు. ఇటువంటి కాగితం చూసి ఉంటారు. చాలామంది దాన్ని చూసీ చూడనట్టు దాటిపోతారు. ఆ పిలుపు ఎవరు పిలుస్తున్నారు? ఎందుకు పిలుస్తున్నారు? వెళ్తే ఏమవుతుంది, వెళ్ళకపోతే ఏమవుతుంది? ఈ పాఠంలో తెలుసుకుందాం.

పాత కూడలి, కొత్త సభ

ఊరివాళ్ళు ఒకచోట కూర్చుని ఊరి సంగతులు మాట్లాడుకోవడం కోరాపుట్ కొండల్లో కొత్త కాదు. గదబల పల్లెల్లో చెట్టు కింద పెద్ద పెద్ద రాతి పలకలు వలయంగా పరచి ఉంటాయి. ఆ కూడలిని సదర్ అంటారు. ఊరి పెద్దలు అక్కడ కూర్చుని తగవులు తీర్చేవారు. పండుగల రోజులు నిర్ణయించేవారు. ఊరికి ఒక నాయకుడు, ఒక పూజారి, కబురు చాటడానికి ఒక బారికి ఉండేవారు. ఉత్తరాంధ్ర పల్లెల్లో కూడా బారికి అనే మాట ఉంది. సరిహద్దుకు ఇటూ అటూ ఒకే పేరుతో ఆ మనిషి కబురు మోసేవాడు.

అందులో వింత లేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడే వరకు ఈ కోరాపుట్ సీమ మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లాలో భాగంగా ఉండేది. ఆ తర్వాత కోరాపుట్ పెద్ద జిల్లా అయింది. 1992 అక్టోబరు 2న ఆ పెద్ద జిల్లా నాలుగుగా విడిపోయింది. కోరాపుట్, రాయగడ, నవరంగపూర్, మల్కన్‌గిరి అనే నాలుగు జిల్లాలు ఏర్పడ్డాయి. గుణుపూర్, రాయగడ, జయపురం వంటి ఊళ్ళలో తెలుగువాళ్ళు తరతరాలుగా ఒడియావాళ్ళతోను, కొండవాళ్ళతోను కలిసి జీవిస్తున్నారు.

ఒడిశా గ్రామ పంచాయతీ చట్టం 1964 నాటిది. ఆ చట్టం ప్రకారం కొన్ని పల్లెలు కలిసి ఒక గ్రామ పంచాయతీ అవుతాయి. పంచాయతీకి ఒక సర్పంచ్, ఒక్కొక్క వార్డుకు ఒక్కొక్క సభ్యుడు ఉంటారు. వార్డు సభ్యులలో ఒకరు నాయబ్ సర్పంచ్ అవుతారు. పంచాయతీ పైన సమితి, సమితి పైన జిల్లా పరిషత్ ఉంటాయి. మన రెండు జిల్లాలూ షెడ్యూల్డ్ ప్రాంతంలో ఉన్నవి. అందువల్ల ఇక్కడ సర్పంచ్ పదవులు ఆదివాసులకు కేటాయించి ఉన్నాయి. ఒడిశా పంచాయతీలలో సగం స్థానాలు స్త్రీలకు ఇవ్వాలని 2011లో చట్టాన్ని సవరించారు.

పంచాయతీలో కూర్చునేవారు కొద్దిమందే. మరి మిగిలిన వారి మాట ఎక్కడ వినిపించాలి? అందుకే ప్రతి పల్లెకూ ఒక పల్లీ సభ ఉండాలని చట్టం చెప్పింది. పల్లెలో ఓటరు జాబితాలో పేరున్న ప్రతివారూ పల్లీ సభలో సభ్యులే. ఎవరూ ఎన్నుకోనక్కరలేదు. ఓటు ఉంటే చాలు. ప్రతి సంవత్సరం ఫిబ్రవరిలో ఈ సభ జరగాలి. అవసరమైతే మిగతా నెలల్లోనూ జరపవచ్చు. వచ్చే ఏడాది ఏ పనులు చేయాలో ఈ సభ పంచాయతీకి సిఫారసు చేస్తుంది. సభ్యులలో పదింట ఒక వంతు మంది వస్తేనే సభ చెల్లుతుంది. ఆ సంఖ్యను కోరం అంటారు.

అంటే రెండు వందల మంది ఓటర్లున్న పల్లెలో ఇరవై మంది వస్తే సభ జరిగినట్టే. ఆ ఇరవై మందీ ఒకే వీధివారైతే ఏమవుతుందో ఆలోచించండి. చెరువు గట్టు మాట పుస్తకంలోకి ఎక్కుతుంది. బోరింగు మాట ఎక్కదు.

1992లో భారత రాజ్యాంగానికి 73వ సవరణ చేశారు. అది 1993 ఏప్రిల్ 24 నుంచి అమలులోకి వచ్చింది. దానితో పంచాయతీలకు రాజ్యాంగంలోనే చోటు దొరికింది. 1996లో షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల కోసం మరొక చట్టం వచ్చింది. దాన్ని పెసా చట్టం అంటారు. ఊరి ఆచారాలను, ఊరి వనరులను కాపాడుకునే శక్తి గ్రామ సభకు ఉందని ఆ చట్టం గుర్తించింది. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. ఈ చట్టం కింద జరిగే సభకు పదింట ఒక వంతు చాలదు. సగం మందైనా రావాలి. వచ్చినవారిలో మూడింట ఒక వంతైనా స్త్రీలు ఉండాలి.

కాగితం మీది ఈ మాటలకు ఎంత బలం ఉందో మన రాయగడ జిల్లాలోనే ఒకసారి దేశమంతా చూసింది.

నియమగిరి పల్లెలు మాట్లాడిన వేళ

రాయగడ, కలహండి జిల్లాల నడుమ నియమగిరి కొండలు ఉన్నాయి. అక్కడ డొంగ్రియా కొంధులు నివసిస్తారు. కొండవాలులో అనాస, అరటి, పసుపు, అల్లం, చోళ్ళు పండిస్తారు. బుధవారం చాటికోన సంతకు దిగివచ్చి అమ్ముకుంటారు. వారి దేవుడు నియమరాజు. ఆ కొండే అతని కోవెల అని వారి నమ్మకం.

ఆ కొండ నెత్తిన బాక్సైట్ అనే ఖనిజం ఉంది. బాక్సైట్ నుంచి అల్యూమినా, అల్యూమినా నుంచి అల్యూమినియం తీస్తారు. మన ఇంటి గిన్నెలు, కరెంటు తీగలు ఆ లోహంతో చేసినవే. కొండకు అవతల కలహండి జిల్లా లంజిగఢ్‌లో వేదాంత సంస్థ అల్యూమినా కర్మాగారం కట్టింది. దానికి కావలసిన బాక్సైట్‌ను నియమగిరి నుంచి తవ్వి ఇవ్వాలని ప్రభుత్వ రంగంలోని ఒడిశా మైనింగ్ కార్పొరేషన్ తలపెట్టింది.

తవ్వకం కావాలనేవారు ఒక మాట చెప్పారు. గని వస్తే పనులు వస్తాయి, రోడ్లు వస్తాయి, ప్రభుత్వానికి రాబడి వస్తుంది అన్నారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. కోరాపుట్ జిల్లా దమన్‌జోడిలో నాల్కో కర్మాగారం పంచపట్‌మాలి కొండ బాక్సైట్‌తోనే నడుస్తోంది. ఎన్నో కుటుంబాలు దానివల్ల బ్రతుకుతున్నాయి.

తవ్వకం వద్దనేవారు మరొక మాట చెప్పారు. కొండ నెత్తిన ఉన్న ఆ పొర వాన నీటిని పీల్చుకుని ఏడాది పొడుగునా ఊటలుగా వదులుతుంది. దాన్ని తీసేస్తే ఊటలు ఎండిపోతాయి. దేవుడి కొండ పోతే మా బ్రతుకే పోతుంది అన్నారు. ఆ నీటి సంగతి కొండవాళ్ళది మాత్రమే కాదు. లంజిగఢ్ ప్రాంతంలో పుట్టిన వంశధార గుణుపూర్ మీదుగా శ్రీకాకుళం జిల్లాకు వెళ్తుంది. అక్కడ హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజి నుంచి తెలుగు రైతుల పొలాలకు పారుతుంది. చివరకు కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది.

2010 ఆగస్టులో కేంద్ర పర్యావరణ శాఖ ఈ గనికి అనుమతి నిరాకరించింది. మైనింగ్ కార్పొరేషన్ సుప్రీం కోర్టుకు వెళ్ళింది. 2013 ఏప్రిల్ 18న కోర్టు తీర్పు చెప్పింది. గని తవ్వాలా వద్దా అని కోర్టు తానుగా చెప్పలేదు. ఈ తవ్వకం వల్ల అక్కడివారి సాముదాయిక హక్కులకు, మతపరమైన హక్కులకు భంగం కలుగుతుందా అన్నది గ్రామ సభలే విచారించి నిర్ణయించాలని చెప్పింది. మూడు నెలలలో ఆ పని పూర్తి చేయాలని, జిల్లా జడ్జి స్థాయి అధికారి పరిశీలకుడుగా ఉండాలని ఆదేశించింది.

ఇదే ఈ కథలో గొప్ప విషయం. దేశంలోకెల్లా పెద్ద కోర్టు, "మీ ఊరివాళ్ళు కూర్చుని చెప్పండి" అన్నది.

రాష్ట్ర ప్రభుత్వం సభల కోసం పన్నెండు పల్లెలను ఎంపిక చేసింది. నియమగిరి కొండల్లో వందకు పైగా పల్లెలు ఉన్నాయి, పన్నెండే ఎందుకు అని కొందరు ప్రశ్నించారు. అయినా సభలు మొదలయ్యాయి. రాయగడ జిల్లాలో సెర్కాపాడి, కేసర్‌పాడి, బాటుడి, లంబా, లఖ్‌పదర్, ఖంబేసి, జరపా అనే ఏడు పల్లెలు. కలహండి జిల్లాలో తాడిఝోలా, పాల్‌బేరి, ఇజిరుపా, ఫుల్‌దుమేర్, కునకాడు అనే ఐదు పల్లెలు.

మొదటి సభ 2013 జూలై 18న సెర్కాపాడిలో జరిగింది. అవి వానల రోజులు. కొండదారులు బురదగా ఉన్నాయి. అధికారులు వచ్చారు. పోలీసులు వచ్చారు. దేశంలోని పత్రికలవారు వచ్చారు. పరిశీలకుడుగా జిల్లా జడ్జి కూర్చున్నారు. ఊరివాళ్ళు ఒక్కొక్కరే లేచి తమ భాషలో తమ మాట చెప్పారు. స్త్రీలు కూడా లేచి మాట్లాడారు. చెప్పినదాన్ని రాసుకున్నారు.

సెర్కాపాడి వద్దన్నది. తర్వాతి పల్లె వద్దన్నది. ఆ తర్వాతి పల్లె వద్దన్నది. ఇజిరుపా మరీ చిన్నది. అక్కడ ఉన్నది ఒక్క కుటుంబమే. వారు డొంగ్రియాలు కూడా కారు. అయినా చట్టం దృష్టిలో అదీ ఒక పల్లె సభే. ఆ సభ కూడా వద్దనే చెప్పింది. 2013 ఆగస్టు 19న జరపాలో చివరి సభ జరిగింది. అదీ వద్దన్నది. పన్నెండు సభలలో పన్నెండూ ఒకే మాట.

2014 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ఆ సభల నిర్ణయాన్ని అనుసరించి గనికి అనుమతి లేదని చెప్పింది. సభలు మళ్ళీ జరిపించాలని కోరుతూ మైనింగ్ కార్పొరేషన్ వేసిన అర్జీని 2016 మే నెలలో సుప్రీం కోర్టు అంగీకరించలేదు.

ఈ సంగతి చదివి, గనులన్నీ చెడ్డవనో, సభలన్నీ వద్దనే చెప్పాలనో అనుకోకూడదు. ఒక ఊరి సభ కావాలనవచ్చు. మరొక ఊరి సభ వద్దనవచ్చు. ఏ మాటైనా ఆ ఊరివాళ్ళు తెలుసుకుని, కూర్చుని, తమ నోటితో చెప్పినదై ఉండాలి. నియమగిరి మనకు నేర్పింది అదే.

రాసినదే నిలుస్తుంది

పల్లీ సభలన్నీ నియమగిరి సభల వలె జరగవు. జడ్జిగారు రారు. పత్రికలవారు రారు. కొన్నిచోట్ల సభ కోరం లేక ఆగిపోతుంది. కొన్నిచోట్ల సంతకాల పుస్తకం ఇంటింటికీ తిరుగుతుంది. ఎందుకో అడగకుండానే జనం వేలిముద్ర వేస్తారు. అప్పుడు సభ జరగకుండానే జరిగినట్టు కాగితం తయారవుతుంది. తప్పు ఒక్క వైపే ఉండదు. పిలవవలసినవారు సరిగా పిలవాలి. పిలిస్తే రావలసినవారు రావాలి.

అందుకని సభకు వెళ్ళేవారు నాలుగు విషయాలు గుర్తు పెట్టుకోవాలి.

1. సభ రోజు, వేళ, చోటు, చర్చించే విషయాలు ముందుగా తెలుసుకోవాలి. చదవలేనివారికి చదవగలవారు చెప్పాలి.

2. తమ సంగతి చర్చనీయాంశాలలో లేకపోతే లేచి అడగాలి. ఏ భాషలో వస్తే ఆ భాషలో చెప్పవచ్చు. భాష రాలేదని నోరు మూసుకోకూడదు.

3. చెప్పిన మాట పుస్తకంలో రాశారో లేదో చూడాలి. సంతకానికి ముందు రాసినదాన్ని చదివి వినిపించమనాలి. గాలిలో మాట గాలిలో పోతుంది. పుస్తకంలో మాట నిలుస్తుంది.

4. సభ తర్వాత పని ఎంతవరకు వచ్చిందో అడుగుతూ ఉండాలి. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. ఆ చట్టం కింద పంచాయతీ రికార్డుల నకలు అడిగే హక్కు ప్రతి పౌరునికీ ఉంది.

మీకు ఇంకా ఓటు లేదు. సభలో మీరు సభ్యులు కారు. కాని మీ చేతిలో ఒక శక్తి ఉంది. మీకు తెలుగు వచ్చు, ఒడియా వచ్చు. ఇంట్లో పెద్దవారికి, గోడ మీది కాగితానికి మధ్య మీరు వంతెన కాగలరు.

శుక్రవారం

ఇక మన నానమ్మ సంగతి. శుక్రవారం పొద్దున ఆమె చేట గోడకు చేర్చింది. ఉతికిన చీర కట్టుకుంది. పక్కింటి ఇద్దరు ఆడవాళ్ళను కేకేసింది. "పదండర్రా, బోరింగు మాట మనం చెప్పకపోతే ఎవరు చెప్తారు?" అంది.

బడి ముందు చెట్టు కింద సభ జరుగుతోంది. పనుల జాబితా చదవడం అయిపోయింది. నానమ్మ లేచింది. ఒడియాలో మొదలుపెట్టి, తడబడి, తెలుగులో ముగించింది. కొందరు నవ్వారు. వార్డు సభ్యురాలు నవ్వలేదు. పుస్తకంలో ఏదో రాసింది. తర్వాత సంతకాల కోసం పుస్తకం చేతులు మారుతూ నానమ్మ దగ్గరకు వచ్చింది. ముద్ర వేయడానికి సిరా పెట్టె కూడా ముందు పెట్టారు.

నానమ్మ వేలు చాపలేదు.

"రాసింది ఓపాలి సదవండమ్మా, ఇంటాను" అంది.

వార్డు సభ్యురాలు చదివింది. చెరువు గట్టు ఉంది. ఇళ్ళ జాబితా ఉంది. ఆఖరున కింది వీధి బోరింగు మరమ్మతు అని కూడా ఉంది. నానమ్మ తల ఊపింది. అప్పుడు వేలు సిరాలో అద్దింది.

బోరింగు ఆ రోజు బాగుపడలేదు. ఆ సాయంత్రం కూడా ఆమె పై వీధి నుంచే నీళ్ళ బిందె మోసుకొచ్చింది. ఇంటికి వచ్చి మనవరాలితో ఒక్కమాటే అంది. "మళ్ళీ ఆ గోడకు కాగితం అంటిస్తే ముందుగా నాకు సెప్పు."

పదాలు - అర్థాలు

చాటింపు = ఊరంతా తెలిసేటట్టు డప్పు కొట్టి చెప్పడం
చోళ్ళు = రాగులు
బోరింగు = చేతిపంపు
కూడలి = నలుగురు కలుసుకునే చోటు
కోరం = సభ చెల్లడానికి రావలసిన కనీస సంఖ్య
సాముదాయిక = సమూహానికి చెందిన
భంగం = చెడిపోవడం, అడ్డంకి
పరిశీలకుడు = దగ్గరుండి గమనించేవాడు
నకలు = ఉన్నదున్నట్టు రాసిన ప్రతి
ఓపాలి = ఒకసారి (ఉత్తరాంధ్ర పలుకుబడి)

అభ్యాసం

అ. కింది ప్రశ్నలకు రెండు మూడు వాక్యాలలో జవాబులు రాయండి.

1. పల్లీ సభలో సభ్యులు ఎవరు? అది ఏ నెలలో తప్పక జరగాలి?
2. కోరాపుట్ పెద్ద జిల్లా ఎప్పుడు, ఏయే జిల్లాలుగా విడిపోయింది?
3. 2013లో సుప్రీం కోర్టు ఏ విషయాన్ని గ్రామ సభలకు వదిలిపెట్టింది?
4. నియమగిరి నీటికి, శ్రీకాకుళం రైతులకు ఉన్న సంబంధం ఏమిటి?

ఆ. కింది ప్రశ్నలకు వివరంగా జవాబులు రాయండి.

1. నియమగిరిలో గని కావాలన్నవారి వాదన, వద్దన్నవారి వాదన మీ మాటలలో రాయండి.
2. "రాయలేదు కాబట్టే వెళ్ళాలి" అని మనవరాలు ఎందుకన్నది?
3. నానమ్మ వేలిముద్ర వేయడానికి ముందు ఏమి అడిగింది? అలా అడగకపోతే ఏమి కావచ్చు?

ఇ. సొంత వాక్యాలలో ప్రయోగించండి.

చూసీ చూడనట్టు, తరతరాలుగా, ఏడాది పొడుగునా, నోరు మూసుకోవడం

ఈ. విడదీసి సంధి పేరు రాయండి.

ఊరంతా, మనమెందుకు, ఇంకెవరు

ఉ. చేయండి.

1. మీ పంచాయతీ గోడ మీద ఉన్న ఒడియా ప్రకటన ఒకటి చూసి, దానిలోని సంగతిని తెలుగులో రాసి ఇంట్లో పెద్దవారికి చదివి వినిపించండి.
2. మీ వీధికి కావలసిన ఒక పని గురించి పల్లీ సభలో చెప్పవలసిన మాటలు ఐదు వాక్యాలలో రాయండి.